ముప్పై ఒకటో నిమిషం

మొదటి వీడియో యాభై రెండు నిమిషాలు.
ల్యాబు కిటికీలకు పాత చార్టులు అడ్డం కట్టి,
చప్పుడని ఫ్యాను ఆపించి,
అటెండరు దొరస్వామి స్టూలెక్కి ఫోను పట్టుకుంటే
టైట్రేషన్ మొత్తం ఒక్క ఊపున చెప్పేశాను.
ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద అరగదీసిన మాటలే,
సుద్దపొడి లేదు, అంతే తేడా.

వారం తర్వాత కంప్యూటరు ఒక గీత చూపించింది.
అరవై నాలుగు మంది మొదలుపెట్టారు.
ఆరో నిమిషానికి ఆ గీత
చిత్తూరు నడి ఎండల్లో నీవా నదిలా ఇంకిపోయింది.
నేనింకా గంభీరంగా మాట్లాడుతూనే ఉన్నాను,
ఇసుకతో.

ముప్పై ఒకటో నిమిషం దగ్గర మాత్రం
ఎండిన గీత మీద ఒక గుట్ట లేచింది.
వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పి
రెండు వందల పన్నెండు సార్లు చూసిన చోటు.

మిషను తప్పేమోనని తెరిచాను.
అక్కడ నా వేలు జారింది.
బ్యూరెట్ మర పిసరంత ఎక్కువ తిరిగి
లేత గులాబీ కావలసిన నీళ్ళు
బీట్‌రూట్ రసమైపోయాయి.
"అయ్యో, పాయెనే!" అన్నాను.
లెక్చరరు గొంతు కాదది,
పాలు పొంగినప్పటి మా అమ్మ గొంతు.
కోసేద్దామనుకుని మరిచిపోయిన ముక్క.

నవ్వుకోవడానికి చూశారనుకున్నాను.
క్లాసులో అడిగితే మొగిలీశ్వరి లేచింది:
"నవ్వినాం మేడం, ఒకసారి.
మిగతా అన్నిసార్లూ
తప్పు యాడ మొదలయిందో కనిపెట్టేదానికి చూసినాం.
జారేదానికి ముందే మీ బొటనవేలు బిగుసుకుంటా ఉండాది."

ఇన్నేళ్ళలో నా బొటనవేలిని
ఎవరూ చదవలేదు.

ఆ రాత్రి వీడియోను తరుగుడుపీట ముందు పెట్టుకున్నట్టు కూర్చున్నాను.
గొంతు సవరింపులు, "మనందరికీ తెలిసినట్టుగా"లు,
తొక్కలన్నీ పోగా నాలుగేసి నిమిషాల ముక్కలు మిగిలాయి.
ఆ జారిన వేలిని ఉంచాను.
రంగు మారబోయే బొట్టు దగ్గర తెర ఆగిపోతుంది:
"ఇప్పుడేమవుతుంది? రాసుకుని రండి."
జవాబు వీడియోలో పెట్టలేదు.

వచ్చారు. వాదించుకున్నారు.
గోలకి ప్రిన్సిపాలు తొంగిచూసి
"పాఠం ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అనడిగారు.

చెంగల్రాయుడు ఒక్కడే ఏమీ రాసి తేలేదు.
మామిడి సీజను,
గుడిపాల దారిలో పల్పు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
"టీ టయానికి చూసినా మేడం.
మిషన్ల రొదలో మీ మాట ఒక్కటీ వినపడలా.
చేతులు చూసినా."
రెండు రాత్రులు కూర్చుని
నా మాటలన్నీ తెర కిందికి అక్షరాలుగా దించాను.
అప్పుడు తెలిసింది
వాటిలో ఎన్ని మాటలు ఊరికే ఉన్నాయో.

మూడో రోజు వాడు స్టీలు టిఫిను తెరిచాడు.
తోతాపురి గుజ్జు.
"మీ ఫ్లాస్కులో నీళ్ళు తేటగా ఉండాయి మేడం.
మా కాడ పులుపు కొలిచేది దీంట్లోనే.
ఇంత పసుపులో ఆ గులాబీ రంగు
యాడని ఎతికేది?"

నాలుగు నిమిషాల్లో లేదా ప్రశ్న.
యాభై రెండులోనూ లేదు.

గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.
మొగిలీశ్వరి గుజ్జులో నీళ్ళు కలిపింది, ఇంకా కలిపింది.
ఫ్లాస్కు కింద తెల్లకాగితం పరిచారెవరో.
చెప్పకుండానే ఎవరో ఫోను పైకెత్తారు.
నేను చేతులు వెనక్కి కట్టుకుని
నా బొటనవేలిని నేనే గట్టిగా పట్టుకున్నాను.

బొట్టు. పసుపే.
బొట్టు.
"ఆగు, ఆగబ్బా!"
మారిందని సగం మంది, లేదని సగం మంది.

ఆ వీడియో రెండు నిమిషాల పది సెకన్లు.
వణుకుతుంది. సగంసేపు ఎవరిదో మోచెయ్యి అడ్డం.
నా మొహం ఎక్కడా లేదు.
కొత్త బ్యాచికి ముందు దాన్నే పంపిస్తున్నాను.
చివర్లో తెర నల్లబడ్డాక ఒక గొంతు,
ఎవరిదో ఇప్పటికీ పోల్చుకోలేదు:
"రేయ్, గుజ్జు ఇంకా ఉండాదా?"